విరిగిన చేతికి బదులు

చాచా కుడి చెయ్యి విరగ్గొట్టింది నేనే. ఆ తరువాత ఆయన దగ్గరే కూర్చుని సైకిలు చక్రాలు కట్టడం నేర్చుకున్నాను. ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నావని జహీరాబాద్ బజారులో ఎవరైనా అడిగితే చాచా దగ్గర అంటాను. ఆయన దగ్గర ఎట్లా చేరావని మాత్రం ఎవరూ అడగరు. పాతవాళ్ళకు తెలుసు. కొత్తవాళ్ళకు అక్కర లేదు.

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. మాది న్యాల్‌కల్ వైపు ఊరు. చెరకు, అల్లం వేసేవాళ్ళం. భూమి ఉన్న ఇల్లు కాబట్టి ఊళ్ళో అందరూ పటేలా అని పిలిచేవారు. ఆ పిలుపు చిన్నప్పుడే నా తలకెక్కింది. కోపం కూడా అప్పుడే ఎక్కింది. మా నాన్న ఎద్దుల్ని పొడిచే ములుకోలుతోనే మమ్మల్నీ కొట్టేవాడు. నేను పెద్దయ్యాక ములుకోలు పట్టలేదు, నాకు చేతులు చాలేవి. కూలీలను కొట్టాను, పక్క చేను రైతును గట్టు దగ్గర కొట్టాను, ఒకసారి బస్సు కండక్టర్‌ను కొట్టాను. ఇంట్లో నా భార్యను కొట్టాను.

శివరాత్రి దాటిన వారం. అల్లం బస్తాలు ట్రాలీ ఆటోలో వేసుకుని మార్కెట్‌కు వచ్చాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టి, సరుకు తడిగా ఉందని వ్యాపారి వెనక్కి పంపాడు. వాణ్ణి ఏమీ అనలేకపోయాను, రేపు మళ్ళీ వాడి దగ్గరికే పోవాలి. ఆ మంట కడుపులో పెట్టుకుని బజారు సందులో బండి వెనక్కి తిప్పుతుంటే చక్రం కింద ఏదో కరకరమని నలిగింది.

"ఆపు! ఆపు! కండ్లు నెత్తికెక్కినయా?"

బండి డొక్క మీద అరచేత్తో దబదబ బాదుతూ ఒక ముసలాయన అరిచాడు. బజారంతా చాచా అని పిలిచే సైకిలు మేస్త్రీ ఆయనే. సన్నగా, తెల్లగడ్డంతో, మోచేతుల దాకా గ్రీజుతో ఉన్నాడు. దిగి చూశాను. దుకాణం ముందు ఆనించి పెట్టిన మూడు చక్రాలు నా వెనక టైరు కింద అప్పడాల్లా నలిగి ఉన్నాయి. తోపుడు బండ్లకు వేసే చక్రాలు. 

"నిన్నటి సంది కూసోని కట్టిన. ఒక్కసారి ఎనకకు సూసుకోవద్దా?" అన్నాడు.

"నీ తుక్కు సామాను బజార్ల పెట్టుకోని పటేల్‌ను, నన్నంటవా?"

"తుక్కు సామానా? నువ్వు పటేల్‌వైతే నీ ఊళ్ళె, ఈడ కాదు."

అక్కడితో ఆగి ఉంటే ఏమీ లేదు. ఆయన ఆగాడు. వంగి, గడప మీద చెదిరిపడిన స్పోకులు ఏరుకోవడం మొదలుపెట్టాడు. నాతో మాట్లాడటం అయిపోయినట్టు నాకు వీపు చూపించాడు. అది నేను తట్టుకోలేకపోయాను. రెండు మెట్లెక్కి, "ఇగ నీ దుకాణం బంద్" అని షట్టరు కింది పట్టీ పట్టుకుని బలమంతా పెట్టి గుంజాను.

ఆయన కుడి చెయ్యి గడప ఇనుము మీద ఉంది. అది నాకు కనిపించింది. ఠాణాలో కనపడలేదని చెప్పాను, మా పెద్దనాన్నకు అదే చెప్పాను, చాలా కాలం నాకు నేనూ అదే చెప్పుకున్నాను. కానీ కనిపించింది. చేతివేళ్ళ మధ్య స్పోకులు మెరుస్తూ ఉన్నాయి.

చెరకు గడ మోకాలి మీద పెట్టి విరిచినప్పటి చప్పుడు వచ్చింది. తరువాత ఒక అరుపు.

జనం ఎటునుంచి వచ్చారో తెలియదు. ఎవరో షట్టరు ఎత్తారు. ఎవరో నా మెడ మీద కొట్టారు. నేను ఇద్దర్ని కొట్టాను, ఒకడి ముక్కు నా పిడికిలికి మెత్తగా తగలడం ఇప్పటికీ గుర్తుంది. అంతలో ఇద్దరు నా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. అప్పుడు ఆయన కూతురు వచ్చింది. ఆ వీధి చివర ప్రైవేటు స్కూల్లో పంతులమ్మ. పాతికేళ్ళు ఉంటాయి. సుద్దముక్క పొడి చేతులకు అట్లానే ఉంది. ముందు తండ్రి చెయ్యి చూసింది. తరువాత చెప్పు తీసి నా ముఖం మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆమెకు ఆయాసం వచ్చేదాకా కొట్టింది. నేను తిరిగి కొట్టలేదు. మర్యాదకు కాదు, నా చేతులు వాళ్ళు పట్టుకుని ఉన్నారు.

ఠాణా దగ్గరికి మా ఊరి నుంచి రెండు జీపుల్లో మనుషులు దిగారు. వాళ్ళ బస్తీ నుంచి గేటు బయట ముప్పై, నలభై మంది నిలబడ్డారు. అటువాళ్ళు ఏదో అన్నారు, ఇటువాళ్ళు ఏదో అన్నారు. ఇంకో గంట గడిస్తే అది అల్లం రైతుకూ సైకిలు మేస్త్రీకీ జరిగిన కొట్లాటగా మిగలదని అక్కడున్న అందరికీ తెలుసు. ఆ గంట గడవకముందే చాచా దవాఖాన నుంచి నేరుగా వచ్చాడు. మోచేతి దాకా పిండికట్టు. ముఖం బూడిద రంగులో ఉంది. గేటు దగ్గరే ఆగి రెండు వైపులా చూశాడు.

"లడాయి నాది, ఈయనది. నడుమ మీరెవ్వరు? పోన్రి, ఇండ్లకు పోన్రి."

ఆయన మాటకు వాళ్ళు వెనక్కి జరిగారు. లోపల మా పెద్దనాన్న ఖర్చులు ఇస్తామని మొదలుపెట్టాడు. చాచా వినలేదు.

"పైసలతోటి స్పోకు తిరుగుతదా? చేతులు గావాలె నాకు. ఈయన చేతులు. నా చెయ్యి నయమయ్యేదాక రోజు పొద్దుగాల తొమ్మిదింటికి వచ్చి నా దుకాణంల కూసోవాలె, నేను చెప్పిన పని చెయ్యాలె. రాకుంటే కేసు."

ఎస్సై నవ్వాడు. మా పెద్దనాన్న నా వైపు చూశాడు. నేను తల ఊపాను, జైలుకన్నా అదే నయమనిపించింది. కాగితం మీద సంతకం పెట్టి లేస్తుంటే చాచా నా చెవి దగ్గరికి వంగాడు.

"సూసినవ్ నువ్వు. నాకు ఎరుక."

మరునాడు తొమ్మిదింటికి పోయాను. దుకాణం అంటే పది అడుగుల గది. గోడకు వేలాడే రిమ్ములు, నేలలో పాతిన ఇనుప స్తంభం, దానికి తలకిందులుగా అతికించిన పాత సైకిలు ఫోర్కు. చక్రాన్ని ఆ ఫోర్కులో పెట్టి తిప్పి చూస్తారు. చాచా చిన్న పీట మీద కూర్చున్నాడు. ఎడమ చేతిలో ఒక కట్ట ఉంది, పాత స్పోకులు పది పోగేసి ట్యూబు రబ్బరుతో చుట్టినది. అదెందుకో నాకు పది నిమిషాల్లో తెలిసింది.

చక్రం నడుమ ఉండే హబ్బుకు రెండు అంచులు, అంచుకు ఇరవై రంధ్రాలు. మొత్తం నలభై స్పోకులు. ఒక స్పోకు తలకాయ లోపలికి ఉండేట్టు, దాని పక్కది బయటికి ఉండేట్టు దూర్చాలి. తరువాత ఒకటి ముందుకు లాగాలి, ఒకటి వెనక్కి. ఒకదాని మీదుగా ఒకటి అల్లుకుపోతూ రిమ్ము రంధ్రాల్లోకి చేరాలి. ఒక్కటి తప్పు రంధ్రంలోకి పోయినా మిగిలిన ముప్పై తొమ్మిదీ తప్పే. నేను నాలుగో స్పోకుకే తప్పాను. కట్ట వచ్చి నా వేళ్ళ కణుపుల మీద పడింది. 

"లోపలికి ఒకటి, బయటికి ఒకటి. మళ్ళ చెయ్యి."

మళ్ళీ చేశాను. మళ్ళీ పడింది. మధ్యాహ్నానికి రెండు చేతుల కణుపులూ ఉబ్బాయి. ఆ పూట మనసులో ఆయన్ని చాలాసార్లు చంపాను. ఎట్లా అన్నది కూడా వివరంగా ఆలోచించాను. గోడకున్న సుత్తి ఎంత దూరంలో ఉంది, ఆ మెడ ఎంత సన్నగా ఉంది. ఆయన నా ముఖం చూసి, "ఆ సుత్తి ఇటియ్యి" అన్నాడు. ఇచ్చాను. తన పీట కింద పెట్టుకున్నాడు.

ఒంటిగంటకు కూతురు టిఫిను డబ్బా తెచ్చేది. ఎడమ చేత్తో తినడానికి ఆయన మనసు ఒప్పేది కాదు. ఆమే ముద్దలు కలిపి పెట్టేది. వెనక మూలకు కూర్చుని పెట్టవచ్చు. కానీ ఆమె సరిగ్గా నా ఎదురుగా కూర్చునేది. అరవై దాటిన మనిషి బజారంతా చూస్తుండగా పసివాడిలా నోరు తెరవడం నేను చూడాలని ఆమె పట్టుదల. మొదటి రోజు తల తిప్పుకున్నాను.

"ఇటు సూడు," అంది. 

చూశాను. చాచా కళ్ళు మూసుకుని నమిలాడు.

మూడో రోజు నలభై స్పోకులూ సరిగ్గా అల్లాను. ఇక బిగించడమే కదా అనుకున్నాను. స్పోకు చివర నిప్పల్ అనే చిన్న నట్టు ఉంటుంది. దాన్ని చాబీతో తిప్పితే స్పోకు బిగుస్తుంది. నేను బోరు మోటారు నట్టు బిగించినట్టు బిగించాను. చక్రం తిప్పితే పాములా మెలికలు పోయింది. ఒక వైపు లాగితే ఇంకో వైపు వంగింది, అక్కడ లాగితే పైకి ఉబ్బింది. సాయంత్రం దాకా దానితో పెనుగులాడాను. చివరికి ఆయన పీట కింది నుంచి సుత్తి గుంజుకుని చక్రాన్ని నేలకేసి బాదాను. రిమ్ము సొట్టలు పడేదాకా, స్పోకులు లేచి నా ముంజేతులు గీరేదాకా బాదాను. బజారు ఆగి చూసింది. చాచా కదల్లేదు.

"అయిందా?" అన్నాడు నేను ఆగాక.

నేను రొప్పుతున్నాను.

"రిమ్ముకు నీ పటేల్‌గిరి ఎరుకలే. ఇప్పుడు ఒక్కొక్క స్పోకు విప్పు. విప్పి, అన్ని సాపు చెయ్యి."

వంగిన స్పోకులను దిమ్మె మీద పెట్టి, చిన్న సుత్తితో మెల్లగా కొడుతూ నిటారు చేయడానికి నాకు రెండు రోజులు పట్టింది. గట్టిగా కొడితే స్పోకు చదునై పాడయ్యేది. పాడైన ప్రతిదానికీ కట్ట దెబ్బ పడేది. 

అట్లా నెల గడిచింది. చక్రం ఎడమకు పోతుంటే కుడి వైపు స్పోకు బిగించాలి. బిగించేముందు దాని పక్కనున్న ఎడమ స్పోకును కాస్త వదలాలి. పావు తిప్పు, అంతకు మించకూడదు. ఫోర్కుకు ఆనించి సుద్దముక్క పట్టుకుని చక్రం తిప్పితే, ఎక్కడ వంకర ఉందో అక్కడ మాత్రమే తెల్లగా గీత పడుతుంది. ఆ గీత చిన్నదవుతూ, చిన్నదవుతూ ఒకసారి చక్రం అంతా సుద్దకు తగలకుండా తిరిగింది. అప్పుడు నా గుండె కొట్టుకున్న తీరు నాకే వింతగా అనిపించింది. చాచా ఎడమ చేత్తో స్పోకుల్ని జంటజంటగా పట్టి పిసికాడు. "ఇట్ల గట్టిగ వత్తితేనే సర్దుకుంటయ్. ఇయ్యాల సప్పుడు చేస్తె దుకాణంల చేస్తయ్, లేకుంటె తొవ్వల చేస్తయ్" అని నన్నూ పిసకమన్నాడు. మూడో జంట దగ్గర ఒక స్పోకు ఫట్టుమని తెగి నా బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ మాంసంలోంచి ఇటు దూరి అటు వచ్చింది. 

ఆయన ఎడమ చేత్తో పటకారు పట్టి ఒక్క గుంజు గుంజాడు. కిరోసిను పోశాడు. నేను పళ్ళు కొరుక్కున్నాను. పాత ట్యూబు ముక్కతో కట్టు కట్టి, "నీది నాది బరాబరైందనుకోకు" అన్నాడు.

రెండో నెలలో నేను కట్టిన చక్రాలు బయటికి పోవడం మొదలైంది. రాయికోడ్ దారిలోని ఒక ఊరి నుంచి పాలాయన ఒకడు వెనక చక్రం కొత్తది కట్టమన్నాడు. రెండు వైపులా పాల క్యాన్లు వేలాడే బరువు సైకిలు. చక్రం దాదాపు అయిపోయాక ఒక నిప్పల్ మరలు అరిగి జారుతున్నట్టు నా చాబీకి తెలిసింది. మార్చాలంటే టైరు, ట్యూబు, పట్టీ అన్నీ విప్పాలి. చాచా నమాజుకు పోయాడు. నలభైలో ఒక్కటి, ఏమవుతుందిలే అనుకుని వదిలేశాను. 

మూడు రోజులకు ఆ పాలాయన దుకాణానికి నడుస్తూ వచ్చాడు. తలకూ గడ్డానికీ కట్లు. నోరు తెరిస్తే ముందు పళ్ళు రెండు లేవు. కల్వర్టు దిగుతుంటే చక్రం ముడుచుకుపోయి, క్యాన్లతో సహా రాళ్ళ మీద పడ్డాడట. ముడుచుకుపోయిన ఆ చక్రం భుజాన వేసుకుని తెచ్చాడు. "ఎవడు కట్టింది?" అని అడిగాడు. చాచా నా వైపు చూపించాడు. 

పాలాయన ఆ చక్రం ఎత్తి నన్ను కొట్టాడు. మొదటి దెబ్బ భుజం మీద. నేను లేచాను. పిడికిలి దానంతట అదే బిగుసుకుంది. వెనక నుంచి చాచా ఎడమ చెయ్యి నా కాలరు పట్టుకుంది.

"తిను," అన్నాడు. "నువ్వు చేసిందే గద. తిను."

ఎందుకు ఆగానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ చెయ్యి బలానికి మాత్రం కాదు. పాలాయన ఇంకో నాలుగు కొట్టాడు. తెగిన స్పోకు కొనలు నా చెంప, చెవి చీరాయి. కొట్టి కొట్టి తనే ఏడ్చాడు. చాచా ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు.

ఇక్కడ కథ మలుపు తిరిగి నేను మారిపోయానని రాయాలని ఉంది. అట్లా జరగలేదు. ఆ దెబ్బలన్నీ మింగి, సాయంత్రం బస్సులో ఇంటికి పోయాను. నా భార్య నా ముఖం చూసి గాయం కడగడానికి నీళ్ళు తెచ్చింది. ఏమైందంటే చెప్పాను. 

"మరి తెలిసి తెలిసి అట్లెందుకు వదిలినవ్?" అంది. అంతే అంది.

ఆమెను కొట్టాను. మూడుసార్లు. పెదవి చిట్లి దవడ మీదికి నెత్తురు కారింది. చెంబు దొర్లి నీళ్ళు గడప దాకా పారాయి. అది మొదటిసారి కాదు. ఎన్నోసారో నాకు తెలియదు, ఆమెకు తెలుసు. ఆమె అరవలేదు. కొంగుతో నోరు నొక్కుకుని, నన్ను కాదు, నా చెయ్యిని చూసింది.

మరునాడు ఒంటిగంటకు, కూతురు చాచాకు అన్నం పెడుతుండగా, దుకాణం ముందు నా భార్య నిలబడి ఉంది. చేతిలో బట్టల సంచి. పెదవి వంకాయలా ఉబ్బి ఉంది. నేను ఫోర్కు దగ్గర నుంచి లేవబోయాను. ఆమె నా వైపు చూడలేదు.

"చాచా, నువ్వేనా ఈయనకు పని నేర్పేది?"

చాచా తల ఊపాడు. నోట్లో ముద్ద ఉంది.

"ఈడ దెబ్బలు తింటడు, ఇంటికొచ్చి నన్ను కొడతడు. నీ చెయ్యి ఇరిగింది, నీకు మనిషిని ఇచ్చిన్రు. నాకేమిచ్చిన్రు? నేనెవ్వలికి చెప్పుకోవాలె?"

 పక్కన చాయ్ దుకాణం వాడు గ్లాసులు కడగడం ఆపాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "నడువ్, ఇంటికి నడువ్" అని లాగాను. లాగుతూనే ఇంకో చెయ్యి లేపాను. బజారులో, అందరి ముందు. లేపడం నాకు తెలియనే లేదు.

చాచా ఎప్పుడు లేచాడో చూడలేదు. పిండికట్టుతో ఉన్న కుడి చేత్తో నా దవడ మీద కొట్టాడు. రాయి తగిలినట్టయింది. కింద పడ్డాను. ఆయన నా మీదికి వంగి మళ్ళీ కొట్టాడు, అదే చేత్తో. పిండికట్టు పగిలింది. మూడోసారి కొట్టినప్పుడు అరిచింది నేను కాదు, ఆయన. కూతురు "అబ్బా! అబ్బా!" అని తండ్రిని పిలుస్తూ ఆయన నడుము పట్టుకుని వెనక్కి లాగింది. పగిలిన కట్టులోంచి వేళ్ళు అటూ ఇటూ తిరిగి కనిపించాయి. అతుక్కుంటున్న ఎముకలు మళ్ళీ విరిగాయి.

నా భార్య అప్పటికే బస్టాండు వైపు నడిచిపోతోంది. సరిహద్దు అవతల బీదర్ వైపు వాళ్ళ పుట్టిల్లు.

దవాఖానలో డాక్టరు చాచాను తిట్టాడు. ఆపరేషన్ చేసి ఇనుప కడ్డీలు వేశారు. వేళ్ళు ఇక పూర్తిగా ముడుచుకోవని, చాబీ పట్టడం కష్టమని చెప్పారు. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాను. నా దవడ ఉబ్బి మాట సరిగ్గా రావడం లేదు. కూతురు నన్ను బయటికి నెట్టబోయింది. చాచా ఆమెను ఆపాడు.

"నువ్వు ఇరగ్గొట్టిన చెయ్యి నయమవుతుండె. ఈసారి ఇరగ్గొట్టుకున్నది నేను. అది నీ మీద లేదు. సంతకం చెల్లిపోయింది, నువ్వు పోవచ్చు," అన్నాడు. 

నేను కదల్లేదు. ఎందుకు కొట్టావని అడిగాను. అడిగే హక్కు నాకు లేదని తెలుసు, అయినా అడిగాను.

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"దీని అమ్మను నేను గూడ కొట్టిన. నీకన్న ఎక్కువనే కొట్టిన. ఇది తలుపు సందులకెళ్ళి సూసేది. వద్దన్నోళ్ళు ఒక్కలు లేకుండిరి. జరం వచ్చి పోయింది ఆమె. పోయేటప్పుడు గూడ నేను మంచం దగ్గరికి వస్తె చెయ్యి అడ్డం పెట్టుకుంది, ముఖానికి."

 కూతురు తిరగలేదు. ఆమె భుజాలు మాత్రం కదిలాయి. ఇన్నాళ్ళూ బజారులో నా ఎదురుగా కూర్చుని ముద్దలు పెట్టిన ఆ చేతులు ఎవరి మీది కోపంతో అట్లా బిగుసుకుని ఉండేవో అప్పుడు నాకు కొంచెం అర్థమైంది. 

సంతకం చెల్లిపోయాక కూడా నేను దుకాణానికి పోయాను. గొప్పతనమేమీ కాదు. ఇల్లు ఖాళీ. ఇంట్లో ఉంటే గోడల్ని గుద్దేవాణ్ణి. ఒక రోజు వంటింటి తలుపు చెక్క విరగ్గొట్టి, దాని ముందే కూర్చుని, ఇక ఇక్కడ ఉంటే ఏదో అవుతుందని భయమేసి బస్సెక్కాను. చాచా ఇంకా మంచం మీదే ఉన్నాడు. దుకాణం తాళం కూతురి దగ్గర ఉంది. ఇవ్వనంది. 

"తోపుడు బండ్ల చక్రాలు ఎనిమిది ఒప్పుకొని ఉన్నయమ్మా. వాళ్ళు రోజు వచ్చి అడుగుతున్నరు," అన్నాను.

"అమ్మా అనకు నన్ను," అంది. తాళం నేల మీద విసిరి పోయింది.

ఆ ఎనిమిదీ ఒక్కణ్ణే కట్టాను. వేళ్ళ మీద కొట్టడానికి ఎవరూ లేరు. తప్పు చేసినప్పుడల్లా వేళ్ళు వాటంతట అవే ముడుచుకునేవి. ఒక చక్రంలో నిప్పల్ జారింది. టైరు, ట్యూబు, పట్టీ అన్నీ విప్పి మార్చాను. ఇంకోదానిలో కూడా జారింది. దాన్నీ మార్చాను. చాచా లేచి వచ్చాక ఆ ఎనిమిదింటినీ ఒక్కొక్కటిగా ఫోర్కులో పెట్టించుకుని చూశాడు. రెండింటిని విప్పేయమన్నాడు. 

ఆ పని అట్లా ఏడాదిన్నర సాగింది. ఉదయం చేను, పది తరువాత దుకాణం. స్పోకుల కట్ట మళ్ళీ ఆయన చేతికి రాలేదు. కూతురే దాన్ని తీసి కాలువలో పారేసిందని తరువాత తెలిసింది. తిట్లు మాత్రం ఉండేవి. కొట్టని రోజుల్లో నేను వేగంగా నేర్చుకున్నాను, ఆ సంగతి ఆయనకూ తెలిసింది. ఒకసారి చాయ్ తాగుతూ, "నా ఉస్తాద్ నన్ను చైనుతోటి కొట్టి నేర్పిండు. కొట్టకుంటె రాదనుకున్న" అన్నాడు.

నా భార్య కోసం పుట్టింటికి మూడుసార్లు పోయాను. మొదటిసారి వాళ్ళన్న నన్ను ఊరి బయటే ఆపి రాయి విసిరాడు. నుదురు పగిలింది. రెండోసారి ఆమె బయటికి రాలేదు. మూడోసారి వచ్చి వాకిట్లో నిలబడింది, నన్ను మెట్టు కిందే ఉండమంది.

"కొట్టనని ఒట్టు పెట్టుకోను నేను," అన్నాను. "ఒట్లు చాన పెట్టిన. నా చెయ్యి మీద నాకే నమ్మకం లే."

ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది. 

"గా మాట నిజం చెప్పినవ్," అంది. "వస్త. గని ఇనుకో. మళ్ళ చెయ్యి లేస్తె నేను పుట్టింటికి రాను, సీదా ఠాణాకే పోత. ఇంకోటి, అల్లం చేను సగం నా పేరు మీద రాయాలె. అప్పుడు పోవాల్సొస్తె నువ్వు పోతవ్, నేను పోను."

రాశాను. మా పెద్దనాన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఆమె వచ్చింది. మా మధ్య పాత నవ్వులేమీ తిరిగి రాలేదు. ఉన్నవే కొద్ది. నేను గట్టిగా తుమ్మినా ఆమె భుజం ఒక్కసారి అదురుతుంది. అది చూసిన ప్రతిసారీ బయటికి పోయి కాసేపు నిలబడతాను. చాచా నుంచి నేను దవాఖానలో విన్న మాట ఆమెకు చెప్పాను.  ఆమె ఆ వారం జొన్నరొట్టెలు చేసి, ఆయనకివ్వమని కట్టిచ్చింది.

కూతురికి పోయినేడు సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. ఆమె పోస్టింగు వేరే ఊళ్ళో. ఆదివారాలు వచ్చి తండ్రిని చూసి పోతుంది. వెళ్ళే ముందురోజు దుకాణానికి వచ్చి, ఆయన మందులు ఏవి ఎప్పుడు వెయ్యాలో నాకు రెండుసార్లు చెప్పింది. మూడోసారి కాగితం మీద రాసిచ్చింది. 

"అబ్బా నిన్ను మాఫ్ చేసిండు. నేను చెయ్యలే, చెయ్యను గూడ. నాకు అబ్బాను మాఫ్ చెయ్యనీకే టైం సాలుతలేదు," అంది.

"సరే," అన్నాను. 

మరునాడు ఆమె సంచి బస్టాండు దాకా మోశాను. 

ఇప్పుడు దుకాణం నడిపేది నేనే, చాచా పీట మీద కూర్చుంటాడు. ముడుచుకోని వేళ్ళతో స్పోకుల్ని మీటి, ఏది వదులో చప్పుడును బట్టి చెప్తాడు. తోపుడు బండ్ల వాళ్ళు, గడ్డి మోపులు తెచ్చేవాళ్ళు ఇంకా మా దగ్గరికే వస్తారు. నాలుగు రోజుల కింద చిరాగ్‌పల్లి నుంచి ఐసుక్రీము బండివాడు వచ్చాడు. హైవే మీద గుంతలో పడి చక్రం వంగింది. నేను సరిగ్గా కట్టలేదన్నాడు. కాదని చూపించాను, రిమ్ము మీద గుంత రాయి కొట్టిన సొట్ట కనిపిస్తూనే ఉంది. వాడు వినలేదు. అరిచాడు. దొంగ పని అన్నాడు, మా అమ్మను తిట్టాడు. వేలు నా కంటి దాకా తెచ్చాడు. 

చెవుల్లో హోరు మొదలైంది. అది వచ్చాక ఏమవుతుందో నాకు తెలుసు. కుడి చెయ్యి లేస్తోంది. నా పీట మీద కూర్చుని ఆ చెయ్యిని తొడ కింద పెట్టుకున్నాను, దాని మీద నా బరువంతా వేసి కూర్చున్నాను. వాడు ఇంకా తిడుతున్నాడు. అరచేతి కింద పీట చెక్క ఒరుసుకుంటోంది. వేళ్ళు తిమ్మిరెక్కేదాకా అట్లానే కూర్చున్నాను.

"తిట్టుడు అయినంక చక్రం ఆడ పెట్టి పో," అని చాచా వాడితో అన్నాడు. "పొద్దుమూకేవరకు అయితది."

వాడు పెట్టి పోయాడు. చెయ్యి బయటికి తీశాను. తెల్లగా, మొద్దుబారి ఉంది. కాసేపు విదిలించి, చాబీ పట్టుకునేంత స్పర్శ వచ్చాక, వాడి చక్రం ఫోర్కులో ఎక్కించాను.